కాలేజీ ఎడ్యుకేషన్ కీ ఇచ్చింది, లాప్‌టాప్‌లో మాత్రం హోమే పడింది: ఒక కేసు పూర్తి కథ

ఫిబ్రవరి చివర్లో, మిర్చి యార్డులో సరుకు జోరుగా దిగే రోజుల్లో, ఒక సాయంత్రం తండ్రీకూతుళ్లు మా షాపుకి వచ్చారు. గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న సర్వీస్ షాపు, నేనూ ఒక కుర్రాడూ, అంతే. ఆయన యార్డులో కమీషన్ వ్యాపారి, చొక్కా మీద ఎర్రటి ధూళి, కౌంటర్ మీద చేతులు ఆనించగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం, కంప్యూటర్స్. లాప్‌టాప్ బ్యాగు ఆ అమ్మాయి భుజానికి ఉంది, కోపం ఆయన మొహంలో ఉంది.

"బాబూ, డెబ్బై వేలు పోసి కొన్నాం, ఏడాది నిండలేదు. మొన్న ఒక షాపులో ఎనిమిదొందలు ఇచ్చాం. మళ్లీ ఇదిగో ఇక్కడికొచ్చాం" అన్నాడాయన. అమ్మాయి మాత్రం సూటిగా విషయానికొచ్చింది. "అన్నా, నాకు కాలేజీ లైసెన్సుంది, విండోస్ ఎడ్యుకేషన్. దాని ఇన్‌స్టాలర్ ఎక్కడ దొరుకుతుందో చెప్తే చాలు, మిగతాది నేనే చేసుకుంటా."

ఈ ప్రశ్న నాకు నెలకి నాలుగైదు సార్లు వస్తుంది, ప్రశ్నలోనే చిక్కుంది. విండోస్ 11కి విద్యార్థుల కోసం ఎడ్యుకేషన్ అని విడిగా ఒక ఇన్‌స్టాలర్ ఉండి, అది ఎక్కడో దాక్కుని ఉంటుందని అందరూ అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. మైక్రోసాఫ్ట్ సైటులో ఎవరైనా దింపుకోగల మామూలు ఐఎస్ఓ (మొత్తం విండోస్ ఉండే ఒకే ఇన్‌స్టాల్ ఫైలు) ఉందే, దాని కడుపులోనే హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో, ఎడ్యుకేషన్, వాటి ఎన్ రకాలు, అన్నీ కలిపి దాదాపు డజను ఎడిషన్లు, అంటే విండోస్ రకాలు, ఉంటాయి. ఏది బయటికి రావాలో తేల్చేది కీ, అంటే లైసెన్సుతో ఇచ్చే 25 అక్షరాల కోడు. ఆ సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, అందుకే రెండు నెలలు పోయాయి. కథ మొదటినుంచీ చెప్తాను, ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది.

అసలు ఎడ్యుకేషన్ ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ల్యాబులో వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచేవి) నడపాలి, దానికి సార్ విండోస్‌లోనే వచ్చే హైపర్-వీ వాడమన్నారు. మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి వచ్చేది విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్, హోమ్‌లో హైపర్-వీ ఉండదు, ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్‌లలోనే ఉంటుంది. నన్నడిగితే మూడో సంవత్సరం ల్యాబుకి అదే పని చేసే వర్చువల్‌బాక్స్ సరిపోతుంది, ఈ గొడవే ఉండేది కాదు. కానీ రికార్డులో హైపర్-వీ స్క్రీన్‌షాట్లు ఉండాలంటే ఉండాలి, మార్కులు వేసేది నేను కాదు కదా.

కాలేజీ వాళ్లు మైక్రోసాఫ్ట్ విద్యార్థుల పోర్టల్‌కి మెయిల్ ఐడీ ఇచ్చారు. ఇక్కడ పాతవాళ్లకి ఒక మాట. మా కాలంలో దీన్ని డ్రీమ్‌స్పార్క్ అనేవాళ్లం, 2008లో మొదలైంది, 2016లో ఇమాజిన్ అని పేరు మార్చారు, 2019లో అజూర్ డెవ్ టూల్స్ ఫర్ టీచింగ్ అయింది. సీనియర్లు జూనియర్లకి ఇప్పటికీ "డ్రీమ్‌స్పార్క్‌లో చూడు" అని చెప్తుంటారు, వీళ్లు వెతుకుతారు, ఏమీ దొరకదు, చివరికి టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పెట్టిన లింకు పట్టుకుంటారు. ఈ అమ్మాయి అంత పని చేయలేదు, పోర్టల్ లోపలికి సరిగ్గానే వెళ్లింది, సాఫ్ట్‌వేర్ జాబితాలో విండోస్ 11 అని వెతికింది. అక్కడ ఎడ్యుకేషన్ ఒకటి, ఎడ్యుకేషన్ ఎన్ ఒకటి పక్కపక్కనే కనిపించాయి. "ఎన్ అంటే న్యూ అనుకున్నా అన్నా" అంది. కొత్తదాన్ని వదిలి పాతదాన్ని ఎవరు తీసుకుంటారు? ఎన్ కీ తీసుకుంది.

ఎన్‌కీ న్యూకీ ఏ సంబంధమూ లేదు. 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్ మీద 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, మీడియా ప్లేయర్ లేని విండోస్‌ని కూడా అమ్మి తీరాలంది. అలా యూరప్ కోసం పుట్టిందే ఎన్. గుంటూరులో దానితో ఎవరికీ పనిలేదు, పైగా వేసుకుంటే మీడియా ఫీచర్ ప్యాక్ విడిగా తెచ్చుకునేదాకా వీడియోలు, కొన్ని యాప్‌లు మొరాయిస్తాయి. ఆ ఎన్ కీని తీసుకొచ్చి సెట్టింగ్స్‌లో ప్రొడక్ట్ కీ మార్చే చోట కొట్టింది. మామూలు హోమ్‌లోంచి ఎన్ రకంలోకి అలా నేరుగా మారడం కుదరదు. కీ పనిచేయదని వచ్చింది. ఆ ఒక్క మెసేజ్‌తో "నా దగ్గర ఉన్న విండోస్ వేరు, ఎడ్యుకేషన్ ఇన్‌స్టాలర్ వేరు, అది వెతకాలి" అనే నిర్ణయానికి వచ్చేసింది. అక్కడ ఒక్కసారి కీ పక్కనున్న పేరు చదివి, ఎన్ లేని కీ తీసుకుని అదే చోట కొట్టి ఉంటే పావుగంటలో పని అయిపోయేది, పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, ఫార్మాట్ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు.

తర్వాత ఐఎస్ఓ వేట. ఫైలు ఐదు జీబీకి పైనే ఉంటుంది. ఇంట్లో నెట్ లేదు, ఫోన్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. రోజుకింత చొప్పున దింపుదామంటే, మైక్రోసాఫ్ట్ సైటులో ఇచ్చే ఐఎస్ఓ లింకు 24 గంటలే బతుకుతుంది, మర్నాటికి అది చచ్చిపోతుంది, మళ్లీ మొదటికి. రెండు సార్లు అలా పోగొట్టుకుని చివరికి హాస్టల్లో ఉన్న స్నేహితురాలి వైఫైతో దింపింది. పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లు కాపీ చేయబోతే ఒకటి ఎక్కలేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, విండోస్ ఎడిషన్లన్నీ ఉండే ఇన్‌స్టాల్ డాట్ విమ్ ఫైలు అంతకన్నా పెద్దది. బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ టూల్‌తో ఆ గండం దాటింది. పట్టుదల గల పిల్ల, అది ఒప్పుకోవాలి.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఎడిషన్ ఏది కావాలో అడగనే లేదు. సరే అని ముందుకెళ్తే డిస్కులు చూపించే పేజీ ఖాళీ. ఒక్క డ్రైవ్ కూడా లేదు. ఎస్ఎస్‌డీ కాలిపోయిందని టెన్షన్ పడి, నాన్నకి చెప్పి, ఇద్దరూ ఊళ్లోనే ఇంకో షాపుకి పరిగెత్తారు. ఎస్ఎస్‌డీకి ఏమీ కాలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చే చాలా లాప్‌టాప్‌లలో బయాస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో) వీఎండీ అనే డిస్కు కంట్రోలర్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, దాని డ్రైవర్ ఇన్‌స్టాలర్‌కి అందిస్తే తప్ప డిస్కు కనబడదు. ఆ షాపతనికి ఇది తెలుసు, వీఎండీ ఆఫ్ చేశాడు. అంతవరకు బాగుంది. తర్వాత పార్టిషన్లన్నీ చెరిపేసి, తన పెన్‌డ్రైవ్‌లో రెడీగా ఉన్న ప్రో వేసి, యాక్టివేట్ చేసే టూల్ ఒకటి నొక్కి, ఎనిమిదొందలు తీసుకుని పంపించాడు. ఆ అమ్మాయి దగ్గర కాలేజీ లైసెన్సు ఉందని అతను అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. డిస్కులో ఉన్న ల్యాబు రికార్డులు కొన్ని ఆ చెరపడంలో పోయాయి. డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి తాళం వేసే ఏర్పాటు, ఆన్‌లో ఉన్న డిస్కు అది, ఇక రికవరీ మాట ఎత్తడం కూడా దండగ.

హైపర్-వీ అయితే వచ్చింది. కానీ నెల తిరిగేసరికి సిస్టమ్ నెమ్మదించింది, బ్రౌజర్‌లో అడగని యాడ్లు. అందుకే నా దగ్గరికి వచ్చారు.

నేను ముందు చేసేది ఏంటంటే, ఏ విండోస్ వచ్చినా స్క్రూ డ్రైవర్ ముట్టుకోకముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్ఎల్ఎంజీఆర్ స్లాష్ డీఎల్ఐ కొడతాను. లైసెన్సు ఏ దారిలో వచ్చిందో అందులో ఉంటుంది. కంపెనీ నుంచి లాప్‌టాప్‌తో వచ్చిందైతే ఓఈఎం అని, విడిగా కొన్నదైతే రిటైల్ అని. ఇక్కడ వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని వచ్చింది. కేఎంఎస్ అంటే పెద్ద సంస్థలు తమ క్యాంపస్‌లో ఒక సర్వర్ పెట్టుకుని సిస్టమ్‌లన్నీ దానితో యాక్టివేట్ చేసుకునే పద్ధతి, ఆ యాక్టివేషన్ 180 రోజులే చెల్లుతుంది, ఆలోగా మళ్లీ సర్వర్‌ని పలకరించాలి. మిర్చి కమీషన్ వ్యాపారి ఇంట్లో ఆ సర్వర్ ఎక్కడినుంచి వస్తుంది? దొంగ టూల్ ఆ సర్వర్ వేషం కడుతుంది. విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ తెరిచి చూస్తే ఒక ఫోల్డర్‌ని స్కాన్ చేయొద్దని మినహాయింపు పెట్టి ఉంది. ఇంటి తాళం దొంగ చేతికిచ్చి, పైగా కుక్కని కట్టేసినట్టు.

నిజానికి ప్రో మీద కూడా సరైన ఎడ్యుకేషన్ కీ కొడితే మారిపోతుంది, ఫార్మాట్ లేకుండానే. వేరే కేసయితే అదే చేసేవాణ్ని. కానీ అడ్మిన్ హక్కులతో నడిచిన టూల్ ఏమేం చేసిందో ఎవరికి తెలుసు, దాని మీద అసలు లైసెన్సు వేసినంత మాత్రాన అది శుభ్రమైపోదు. మొత్తం చెరిపి వేద్దామని చెప్పాను. ఉన్న ఫైళ్లలో డాక్యుమెంట్లు, కోడు మాత్రం తీసి పెట్టాను, ఎగ్జిక్యూటబుల్స్, అంటే ప్రోగ్రాంలు నడిపే ఫైళ్లు, ఒక్కటీ తీయలేదు. జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు ఫోన్ నుంచి అప్పటికప్పుడు మార్పించాను.

ఈలోగా కీ సంగతి. పోర్టల్‌లోకి మళ్లీ వెళ్దామంటే కాలేజీ మెయిల్ పాస్‌వర్డు గడువు తీరిపోయింది. మర్నాడు ల్యాబ్ అసిస్టెంట్‌ని బతిమాలి రీసెట్ చేయించుకుని మధ్యాహ్నానికి వచ్చింది. ఈసారి నేను పక్కన కూర్చుని చూపించాను. జాబితాలో పేరు చివరిదాకా చదవమన్నాను. ఎడ్యుకేషన్, చివర ఎన్ లేదు. వ్యూ కీ నొక్కితే 25 అక్షరాల కీ వచ్చింది, దాన్ని ఫోటో తీయడం కాదు, ఎడిషన్ పేరుతో సహా నోట్‌బుక్‌లో రాయమన్నాను. కీ మాత్రమే రాసుకుని, అది దేనిదో రాసుకోనివాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు.

ఐఎస్ఓ నా దగ్గర ఉన్నదే వాడాను. సైటులో ఇచ్చిన షా-256 హ్యాష్‌తో, అంటే ఫైలు వేలిముద్ర లాంటి కోడుతో, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్ పెట్టి సరిచూసిన ఫైలు అది. ఎక్కడినుంచి దింపినా ఇది చూడండి, రెండు నిమిషాల పని. ఇంకో తేడా కూడా ఉంది, కాలేజీ వాళ్లు ఒక్కోసారి బిజినెస్ ఎడిషన్స్ అని ఉన్న ఐఎస్ఓ పిల్లలకి పంచుతుంటారు. అది సంస్థల వాల్యూమ్ లైసెన్సు కోసం. అందులో కూడా ఎడ్యుకేషన్ ఉంటుంది, కీ అడక్కుండా పడిపోతుంది, అబ్బ పనైపోయిందనుకుంటారు, ఇంటికెళ్లాక అది క్యాంపస్‌లోని కేఎంఎస్ సర్వర్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది. పోర్టల్‌లో సొంతంగా కీ తీసుకున్నవాళ్లకి కావాల్సింది కన్స్యూమర్ ఎడిషన్స్, అంటే బయట అందరికీ దొరికేదే. లోపల ఏముందో అనుమానముంటే డిజ్మ్ కమాండ్‌తో ఆ విమ్ ఫైలుని అడిగితే ఎడిషన్ల పేర్లన్నీ వరసగా చెప్తుంది.

ఇక నా తప్పు. ఆ రోజు షాపులో జనం, బయట ఎండ, లోపల ఏసీ లేదు, కుర్రాడు సెలవు. పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసి, పక్కనున్న ప్రింటర్ కేసు చూసుకుంటూ నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేశాను. తిరిగి చూసేసరికి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ పడిపోయింది. అమ్మాయి నా మొహంలోకి చూసి, "అన్నా, నాకైతే డిస్కు కనపడలేదు, మీకు కనపడినా హోమే పడిందే" అంది. ఏం చెప్తాం!

ఎందుకిలా అంటే, విండోస్ 8 కాలం నుంచి, అంటే 2012 నుంచి, లాప్‌టాప్ కంపెనీలు కీని స్టిక్కర్ మీద కాకుండా బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డు చిప్పులో ఉండే సాఫ్ట్‌వేర్‌లో) రాసి పంపిస్తున్నాయి. డిస్కు చెరిపినా, మార్చినా అది అక్కడే ఉంటుంది. ఇన్‌స్టాలర్ మొదలవగానే ఆ కీని చదువుతుంది, అది హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌ది అయితే మనల్ని అడక్కుండా అదే వేసేస్తుంది. ఆ అమ్మాయికి ఇంట్లో ఎడిషన్ అడగకపోవడానికి కారణం కూడా ఇదే. మనకి కావాల్సిన ఎడిషనే పడాలంటే పెన్‌డ్రైవ్‌లో సోర్సెస్ ఫోల్డర్‌లో ఈఐ డాట్ సీఎఫ్‌జీ అని చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టాలి, అందులో ఎడిషన్ పేరు, ఛానెల్ రిటైల్ అని రాయాలి. నాకిది తెలుసు, వేరే పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు ఉంది కూడా. తొందరలో ఇది పెట్టాను.

మళ్లీ మొదలుపెడదామని చెయ్యి పవర్ బటన్ మీదకి వెళ్లి ఆగింది. అసలు మళ్లీ ఎందుకు? ఇప్పుడు మెషీన్‌లో ఉన్నది శుభ్రమైన హోమ్, ఫర్మ్‌వేర్ కీతో నిజంగా యాక్టివేట్ అయ్యే హోమ్. ఎడ్యుకేషన్ కీ చేతిలో ఉంది. సెటప్ చివర్లో వైఫై డ్రైవర్ లేక నెట్ రాలేదు, హోమ్‌కి సెటప్‌లో నెట్ లేకపోతే కదలదు, ఆ అమ్మాయి ఫోన్‌ని యూఎస్‌బీతో తగిలించి టెథరింగ్ ఆన్ చేశాం, కదిలింది. సొంత అకౌంట్‌తో లాగిన్ అయ్యాక సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్, ప్రొడక్ట్ కీ మార్చే చోట 25 అక్షరాలూ తనచేతే కొట్టించాను. ఎడిషన్ మారుస్తున్నానని చెప్పి, ఒకసారి రీస్టార్ట్ అయి, పైకి వచ్చేసరికి విండోస్ 11 ఎడ్యుకేషన్. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఎస్ఎల్ఎంజీఆర్ కొడితే రిటైల్ అని వచ్చింది.

నా తప్పు వల్ల ఒక మంచి కూడా జరిగింది, అది తర్వాత ఆలోచిస్తే తట్టింది. నేరుగా ఎడ్యుకేషన్ వేసి ఉంటే సెటప్‌లోనే ఆఫీసు లేదా కాలేజీ అకౌంట్ ఇచ్చే దారి ఉండేది. విద్యార్థులు పోలోమని కాలేజీ మెయిల్ ఇస్తారు. అంతే, లాప్‌టాప్ కాలేజీ వాళ్ల పెత్తనం కిందకి పోతుంది, చదువు అయిపోయి ఆ మెయిల్ తీసేసిన రోజున సొంత లాప్‌టాప్‌లోకి తామే వెళ్లలేకపోవచ్చు. పోయినేడు అలాంటివి రెండు వచ్చాయి నాకు. హోమ్‌లో ఆ దారే ఉండదు కాబట్టి అకౌంట్ సొంతదే అయింది. టీమ్స్‌లో కాలేజీ మెయిల్ పెట్టేటప్పుడు కూడా "ఈ పరికరాన్ని సంస్థ నిర్వహించనివ్వండి" అని టిక్కు పెట్టి ఉంటుంది, అది తీసేయమని రెండుసార్లు చెప్పాను.

వీఎండీని తిరిగి ఆన్ చేయలేదు. ఒక్క ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. కానీ రేపెవరైనా బయాస్‌ని డీఫాల్ట్‌కి మారిస్తే అది మళ్లీ ఆన్ అయి, విండోస్ బూట్ కాక నీలం తెర వస్తుంది, మళ్లీ ఎస్ఎస్‌డీ పోయిందని ఎవడో కొత్తది అమ్ముతాడు. అందుకే కింద అట్ట మీద స్టిక్కర్ అంటించి "వీఎండీ ఆఫ్‌లో ఉంది, బయాస్ రీసెట్ చేయొద్దు" అని మార్కర్‌తో రాశాను. డిస్కు ఎన్‌క్రిప్షన్ తాళం తీసే బిట్‌లాకర్ రికవరీ కీని ఒకటికి రెండు చోట్ల దాపించాను. హైపర్-వీ ఆన్ చేసి ఒక ఉబుంటు (లినక్స్) వర్చువల్ మెషీన్ లేపి చూపించాక గానీ అమ్మాయి కుర్చీలోంచి లేవలేదు.

మూడొందలు తీసుకున్నాను. తండ్రి ఐదొందల నోటు ఇచ్చి చిల్లర వద్దని, కాసేపు ఆగి, అసలు విషయం బయటపెట్టాడు. "ఆ కీ ఏదో మా కొట్టు కంప్యూటర్‌లో కూడా కొట్టెయ్ బాబూ. అదీ పాతబడింది, విండోస్ ఏడో ఎనిమిదో." నేను చెప్పేలోపే అమ్మాయి అందుకుంది: "నాన్నా, అది చదువుకి ఇచ్చింది, వ్యాపారానికి కాదు." ఆయన నావైపు తిరిగాడు, కాస్త సర్దుబాటు చేయకపోతానా అని. సర్దుబాటు చేసే విషయం కాదది. ఆ లైసెన్సు చదువుకోడానికి, నేర్పడానికి, పరిశోధనకి మాత్రమే, ట్యాలీలో బిల్లులు కొట్టడానికి కాదు.

వారం తర్వాత ఆ కొట్టు సీపీయూ తెచ్చారు. మూడో తరం ఐ3, విండోస్ 7, దానికి 2020 జనవరి 14నే సపోర్టు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలవ్వాలి, ఇది లెక్కలోకే రాదు. విండోస్ 10 వేద్దామంటే దానికీ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. కొత్త మెషీన్ తీసుకుని బిల్లుతో వచ్చే విండోసే వాడండి, ట్యాలీ డేటా నేను మారుస్తానని చెప్పాను. ఆయన ఆలోచించి, "సీజను అయిపోనీ బాబూ. ఇప్పుడు బిల్లింగ్ ఒక్కరోజు ఆగినా రైతులు నన్ను కల్లంలో మిరపకాయలతోపాటు ఆరబెడతారు" అని దాన్ని మళ్లీ ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు.